అరకు ఘాట్ సైకిల్ మీద ఎక్కే ముందు

ముందు బ్రేకులు చూడండి. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఎక్కడం కాళ్ల పని, దిగడం బ్రేకుల పని. ప్యాడ్ మీద గాడి కనిపించనంతగా అరిగిపోతే మార్చాకే బయల్దేరండి. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కి పట్టుకోవద్దు. రిమ్ వేడెక్కితే ట్యూబ్ పేలుతుంది. మలుపుకు ముందే స్పీడ్ తగ్గించుకోవాలి.

స్పేర్ ట్యూబులు, పంపు, నీళ్లు: ఇవి చెప్పక్కర్లేదనుకుంటా.

విశాఖలో చీకటితోనే బయల్దేరితే ఎండ ముదరకముందే ఘాట్ మొదలు చేరొచ్చు. శీతాకాలమైతే పొగమంచు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. కొండల్లో సిగ్నల్ మీద భరోసా పెట్టుకోకుండా, ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి.

ఘాట్ అంటే టెన్షన్ అయితే గోస్తనీ లోయలో తాటిపూడి వరకు చాలు. కోతల రోజుల్లో మాత్రం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, గింజల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది.