ప్రార్థన చీటీలు మార్చుకోండి

నరసాపురం, కోనసీమ వైపు చాలా ఊళ్లలో లూథరన్, బ్రదరన్, పెంతెకొస్తు అనే వేర్వేరు క్రైస్తవ సంఘాలు దగ్గర దగ్గరే ఉంటాయి. అయినా ఒకరి కూడికకు ఇంకొకరు వెళ్లడం తక్కువే. వారంలో ఒక సాయంత్రం వేర్వేరు సంఘాలవాళ్లు ఎవరింట్లోనైనా కలిసి, ఒక్కొక్కరు ఒకే ప్రార్థన అంశం చీటీ మీద రాసి పక్కవాళ్లకివ్వండి. "పెద్దోడి గల్ఫ్ వీసా", "రొయ్యల చెరువు అప్పు" అని సూటిగా రాయాలి. "కుటుంబ క్షేమం" అంటే రెండో రోజుకే మర్చిపోతారు. చీటీని బైబిల్లో యాకోబు 5:16 దగ్గర పెట్టుకోండి. ఒకరికోసం ఒకరు ప్రార్థించమన్నది అక్కడే. వారం మధ్యలో ఫోన్ చేసి "వదినా, వీసా సంగతి ఏమైంది?" అని అడగండి. నా లెక్కలో దగ్గరితనం ఆ ఫోన్‌తోనే మొదలవుతుంది. సంఘాల మధ్య ఉండే బాప్తిస్మం గురించిన వాదన ఆ సాయంత్రానికి వద్దు, టీ చల్లారిపోతుంది. చీటీలో విషయం మాత్రం సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.