ట్రైసో ఇంధనం నేర్చుకుందాం, 4వ భాగం: బయటికొచ్చినదాన్ని బట్టి ఏ పొర పోయిందో చెప్పడం

ట్రైసో ఇంధనం అంటే యురేనియం గింజకు పొరల మీద పొరలు తొడిగిన చిన్న రేణువులు. పోయిన భాగంలో గీసిన రేణువు బొమ్మ పక్కనే పెట్టుకోండి. మధ్యలో యురేనియం గింజ, చుట్టూ గుల్లగా ఉండే బఫర్, ఆపైన మూడు గట్టి పొరలు: లోపలి పైరోకార్బన్ (దట్టమైన కార్బన్ పొర), సిలికాన్ కార్బైడ్, బయటి పైరోకార్బన్. అన్నీ కలిపినా మిల్లీమీటరు లోపే. సిలికాన్ కార్బైడ్ మందం దాదాపు 35 మైక్రాన్లే అయినా భారం ఎక్కువగా మోసేది అదే.

రియాక్టర్లో వాడిన ఇంధనాన్ని కొలిమిలో పెట్టి, 1600 డిగ్రీల సెల్సియస్ దగ్గర వందల గంటలు ఉంచి, ఏమేం బయటికొస్తున్నాయో కొలుస్తారు. ఆ వేడే ఎందుకంటే, చల్లబరిచే హీలియం మొత్తం పోయినా ఇంధనం ఆ హద్దు దాటకుండా ఉండేలా ఈ రకం చిన్న రియాక్టర్లను డిజైన్ చేస్తారు. రియాక్టర్లో ఉండగా గింజలో పుట్టేవాటిలో మనం చూడాల్సినవి మూడింటి అంకెలు: క్రిప్టాన్, సీజియం, వెండి.

క్రిప్టాన్ వాయువు. గట్టి పొరలు మూడింటిలో ఒక్కటి సరిగ్గా నిలిచినా అది లోపలే ఉండిపోతుంది, కాబట్టి క్రిప్టాన్ కనిపించిందంటే మూడూ పోయినట్టే. సీజియం అలా కాదు, అంత వేడిలో పైరోకార్బన్ దాన్ని ఎక్కువసేపు ఆపలేదు, ఆపేది సిలికాన్ కార్బైడే. క్రిప్టాన్ లేకుండా సీజియం మాత్రమే వస్తే సిలికాన్ కార్బైడ్ దెబ్బతింది, పైరోకార్బన్ ఇంకా నిలిచి ఉంది అని చదవాలి.

వెండి దగ్గర నేను మొదట్లో తప్పు చదివేవాణ్ణి. అంకె పెద్దగా కనిపించగానే పొరలు పగిలాయని రాసేసేవాణ్ణి. నిజానికి వెండి-110ఎం (రేడియోధార్మిక వెండి), బాగా వేడెక్కినప్పుడు, ఏ దెబ్బా తగలని సిలికాన్ కార్బైడ్ గుండా కూడా బయటపడుతుంది. అందుకే వెండి ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. అలాగని వదిలేయకండి కూడా, ఎందుకంటే దాని అర్ధాయువు 250 రోజులు, అది వెళ్లి చల్లటి లోహపు గోడలకు అంటుకుంటే రిపేర్ చేసే మనిషికి రేడియేషన్ తగులుతుంది.

ఇప్పుడు లెక్క. అమెరికాలో ఇడాహో ప్రయోగశాల 2006 నుంచి 2009 వరకు చేసిన ఏజీఆర్-1 పరీక్షలో ఒక్కో ఇంధన కడ్డీముక్కలో సుమారు 4,100 రేణువులు. ఒక రేణువు వాటా అంటే 1ని 4,100తో భాగిస్తే, 0.00024. కడ్డీముక్కలోని మొత్తం సీజియంలో 0.0005 వంతు బయటికొచ్చి క్రిప్టాన్ ఏమీ రాలేదనుకోండి, కనీసం రెండు రేణువుల్లో సిలికాన్ కార్బైడ్ పోయింది. 0.000005 మాత్రమే వస్తే అది ఒక రేణువు వాటాలో యాభయ్యో వంతు, దాన్ని పగులు అనడానికి లేదు. శాతాల్లో ఆలోచించడం మానేసి రేణువులు లెక్కపెట్టండి, భయమూ భరోసా రెండూ సరైన కొలతలోకి వస్తాయి.

ఏజీఆర్-1లో మొత్తం దాదాపు 3 లక్షల రేణువులు ఉంటే, రియాక్టర్లో ఉన్నంతకాలం ఒక్కదానిలో కూడా మూడు పొరలూ పోలేదు. సిలికాన్ కార్బైడ్ మాత్రం కొద్ది రేణువుల్లో దెబ్బతింది, వాటిని పట్టించింది సీజియమే. వాటిని కోసి చూస్తే కారణం తెలిసింది: బఫర్ కుంచించుకుపోతూ, లోపలి పైరోకార్బన్ నుంచి పూర్తిగా విడిపోకుండా దాన్ని లాగి చీల్చింది, ఆ చీలిక దారిన, గింజలోనే పుట్టే పల్లాడియం అనే లోహం చేరి సిలికాన్ కార్బైడ్‌ను తినేసింది. నాకైతే ఈ పాఠం మొత్తంలో ఇదే ముఖ్యమైన విషయం, ఎందుకంటే పగులు మొదలైంది లోపలి పీడనం వల్ల కాదు, పక్కపక్క పొరలు అంటుకున్న తీరు వల్ల.

అభ్యాసం: చైనాలోని షిదావో బే రియాక్టర్లో వాడే బంతి లాంటిది ఒకటి తీసుకోండి, 6 సెంటీమీటర్ల వ్యాసం, సుమారు 12,000 రేణువులు. కొలిమి పరీక్షలో సీజియం 0.00025, క్రిప్టాన్ 0.00008, వెండి 0.03 వచ్చాయనుకుందాం. పోయిన రేణువు తన వాటా మొత్తం వదిలేసిందనే అనుకోండి. మూడు పొరలూ పోయినవి ఎన్ని, సిలికాన్ కార్బైడ్ మాత్రమే పోయినవి ఎన్ని? వెండి అంకెను రేణువుల్లోకి మార్చి, మిగతా రెండింటి పక్కన పెట్టి చూడండి. 5వ భాగం అక్కణ్ణుంచే మొదలుపెడతాను.