పొటెంటిల్లా పొద నాటే ముందు ఎండ చూసుకోండి

గులాబీ కుటుంబమే అయినా దీనికి ముళ్ళుండవు, వాసన కూడా పెద్దగా ఉండదు. అయిదు రేకుల పసుప్పచ్చ పూలు మాత్రం వేసవి మొదట్లో పట్టుకుంటే చలి ముదిరేదాకా వదలకుండా పూస్తూనే ఉంటాయి. చలికి భలే మొండి మొక్క, మైనస్ 30 డిగ్రీల్లో కూడా ఆకులన్నీ రాల్చేసి ఎండుపుల్లల్లా నిలబడి వసంతంలో మళ్ళీ చిగురేస్తుంది. అయితే ఆ మొండితనమంతా చలి దగ్గరే. రాత్రిళ్ళు కూడా ఉక్కపోసే చోట మీరుంటే దీని జోలికి పోకండి, డబ్బు దండగ.

ఎక్కడ నాటాలో తెలియాలంటే అది సొంతంగా ఎక్కడ మొలుస్తుందో చూడండి. హిమాలయాల్లో చెట్లు ఆగిపోయే ఎత్తుకి పైన రాళ్ళ వాలుల్లో, ఇంగ్లండ్‌లో టీస్ నది ఒడ్డున, ఐర్లండ్‌లో బరెన్ సున్నపురాయి నేలల్లో, స్వీడన్‌లోని ఓలాండ్ దీవిలో రాతి మీద పల్చటి మట్టి పొర ఉన్న మైదానంలో. ఒకచోట నీళ్ళు ముంచేస్తాయి, ఇంకోచోట నేల ఎండిపోతుంది, అంటే మట్టి గురించి దానికి పెద్ద పట్టింపు లేదు. కానీ ఎక్కడా నెత్తిన పెద్ద చెట్టు నీడ ఉండదు. అందుకే రోజుకి కనీసం ఆరు గంటల ఎండ పడే చోటే గొయ్యి తవ్వండి. ఎరుపు, నారింజ రంగు రకాలకి మాత్రం మధ్యాహ్నం కాస్త నీడ ఉండాలి, లేకపోతే వేడికి రంగు వెలిసిపోతుంది.

కుండీకి రెండింతల వెడల్పు గొయ్యి చాలు. ఎరువు దట్టించకండి, ఆకులు పెరిగి పూలు తగ్గుతాయి. మొదటి ఏడాది వేర్లు పట్టేదాకా నీళ్ళు పోయండి, తర్వాత మరీ ఎండలు కాసినప్పుడు పోస్తే సరిపోతుంది.

కత్తిరింపు దగ్గరే అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశాను. పైపైన గుండ్రంగా, అందంగా కత్తిరించాను, రెండేళ్ళకి పైన గొడుగులా గుబురు, లోపల ఆకు లేని పుల్లలు మిగిలాయి. పూలు కొత్త కొమ్మలకే వస్తాయి కాబట్టి చలికాలం చివర్లో, చిగురు రాకముందే, బాగా ముదిరిన కొమ్మల్లో మూడో వంతు నేల దగ్గరికి కోసేయండి. ఇంకో పొద కావాలంటే వేసవి మొదట్లో లేత కొమ్మ చివర్లు పది సెంటీమీటర్లు తుంచి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టండి. అన్నీ నాటుకోవు, నాలుగైదు ఎక్కువే గుచ్చండి.