కోడ్ ముట్టుకోలేదు, బిల్లు మారింది: సమస్య - పరిష్కారం

సమస్య

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చేపల కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టిన వారానికి కొట్టాయన ఫోన్ చేశారు. "బాబూ, వంజరం కిలో 645. అరకిలోకి పాతది 323 కొట్టేది, ఇది 322 కొడుతోంది."

ఎర్రర్ రాలేదు. పైగా తేడా కొన్ని బిల్లుల్లోనే వస్తోంది. కిలో 647 అయితే అరకిలోకి రెండింట్లోనూ 324 వస్తోంది. ఇలా అప్పుడప్పుడు మాత్రమే తేడా వస్తే ముందు రెండు కంప్యూటర్లలోని ప్రోగ్రామింగ్ భాష వెర్షన్లు చూడండి.

కారణం

ప్రోగ్రాం రాసిన భాష పైథాన్. పాతదాంట్లో పైథాన్ 2.7, కొత్తదాంట్లో పైథాన్ 3. దశాంశాన్ని దగ్గరి పూర్ణాంకం చేసే రౌండ్ ఫంక్షన్ పేరు అదే, ఇచ్చే జవాబు వేరు. సరిగ్గా సగం వచ్చినప్పుడు పైథాన్ 2 పై అంకెకి తీసుకెళ్తుంది. పైథాన్ 3 దగ్గర్లోని సరి సంఖ్యకి తీసుకెళ్తుంది. అందుకే 322.50 కాస్తా 322 అయింది, 323.50 మాత్రం 324గానే ఉంది. ఇది బగ్ కాదు. ప్రతి సగాన్నీ పైకే నెడితే పెద్ద మొత్తాల్లో కూడిక పెరిగిపోతుందని కావాలనే అలా పెట్టారు. కానీ కొట్టులో లెక్క అర్ధరూపాయిని పైకి వేయడమే.

జవాబు రకం కూడా మారింది: మునుపు 323.0 అని దశాంశం వచ్చేది, ఇప్పుడు పూర్ణాంకం వస్తుంది.

పరిష్కారం

డబ్బు లెక్కకి రౌండ్ వాడకండి. పైథాన్‌తోనే వచ్చే డెసిమల్ మాడ్యూల్ (దశాంశాల్ని కచ్చితంగా లెక్కించేది) తీసుకుని, సగాన్ని పైకి వేయమని రౌండ్_హాఫ్_అప్ (ROUND_HALF_UP) అని మీరే చెప్పండి. అంకెని, దశాంశాన్ని ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌గా కాకుండా కోట్స్ మధ్య అక్షరాల వరసగా, అంటే స్ట్రింగ్‌గా ఇవ్వండి, లేకపోతే ఫ్లోట్‌లోని చిన్న తేడాలు వెంట వచ్చేస్తాయి. వాడే లైబ్రరీల (ఇతరులు రాసి పెట్టిన కోడ్) వెర్షన్లు రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో అంకెతో సహా రాసి పెట్టండి.

లైబ్రరీ మీరు రాసిందే అయితే

నలుగురు వాడుకునే నా లైబ్రరీలో ఇలాంటి తప్పు నేనే చేశాను. సరుకు దొరకనప్పుడు ఖాళీ లిస్టు ఇచ్చే ఫంక్షన్‌ని, చిన్న అప్‌డేట్‌లో 'నన్' (None, అంటే ఏమీ లేదు) ఇచ్చేలా మార్చాను. దాని మీద ఫర్ లూప్ (ఒక్కోదాన్నీ వరసగా చూసే కోడ్) తిప్పుతున్న ప్రోగ్రాములన్నీ ఆగిపోయాయి, ఎందుకంటే ఖాళీ లిస్టు మీద లూప్ తిరుగుతుంది, 'నన్' మీద తిరగదు. ఆ ఖాళీ లిస్టు వాడేవాళ్లకి నేనిచ్చిన మాట. మార్చక తప్పదనుకుంటే కొత్త పేరుతో కొత్త ఫంక్షన్ రాయండి, పాతదాన్ని హెచ్చరికతో కొన్నాళ్లు ఉంచండి, తీసేసే రోజున వెర్షన్‌లో మొదటి అంకె పెంచండి. జవాబు విలువనీ రకాన్నీ రెండింటినీ సరిచూసే టెస్టులు రాయండి. నా టెస్టుల్లో ఇప్పుడు మొదటి రెండు వరసలు 322.50, 323.50.