గప్పీల తోకలు చిరుగుతుంటే నేను చేసింది

విజయనగరంలో మా ఇంటి చేపల ట్యాంకు చిన్నది, సుమారు 50 లీటర్లు. అందులో మగ గప్పీల (వెడల్పు తోకల చిన్న రంగు చేపలు) తోకలు రోజురోజుకీ చీలికలైపోయేవి. మందు వేశాను, ఫిల్టర్ మార్చాను, మేత మార్చాను. ఏదీ పని చేయలేదు.

ఒక సాయంత్రం ట్యాంకు ముందు అరగంట కదలకుండా కూర్చున్నాను. తోకలు కొరుకుతున్నవి నేను ముచ్చటపడి తెచ్చిన మూడు టైగర్ బార్బ్ చేపలే! ఇవి కనీసం ఆరైనా కలిసి ఉంటే ఎక్కువగా తమలో తామే తరుముకుంటాయి. తక్కువగా ఉంటే పక్క చేపల మీద పడతాయి. మా ట్యాంకులో ఆరు బార్బ్‌లకు చోటు లేదు.

ముందు బార్బ్‌లను కొన్న కొట్టులోనే ఇచ్చేశాను. రెండు వారాలు కొత్త చేప వేయకుండా, మూడు రోజులకోసారి పావు వంతు నీళ్లు మార్చాను. తోకల అంచులు మళ్లీ పెరగడం కనిపించాకే నాలుగు ప్లాటీలు తెచ్చాను. వాటిని తెచ్చిన కవరు 20 నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి, లైటు ఆపి వదిలాను. నియాన్ టెట్రా చేపల మీద మనసు పోయింది కానీ వాటికి మెత్తటి నీళ్లు, అంటే సున్నం లాంటి లవణాలు తక్కువున్నవి, కావాలి. మా బోరు నీళ్లకు బకెట్లు తెల్లగా పొర కడతాయి, అంటే అవి గట్టి నీళ్లు. గప్పీలకు, ప్లాటీలకు ఆ నీళ్లే పడతాయి.

మూడు నెలలైంది, తోకలు నిండుగా ఉన్నాయి. మీ నీళ్లు వేరైతే చేపల ఎంపికా మారొచ్చు. చిరిగిన చోట తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం అది జబ్బు కావచ్చు, చేపలు మార్చితే సరిపోదు.