పాత కారుకి విడతల్లో రంగు వేస్తున్నారా?

అంబాసిడరో, పద్మినో ఇంటి దగ్గరే పెట్టుకుని, ఈ నెల డోర్లు, వచ్చే నెల బానెట్ అంటూ రంగు వేసేవాళ్లకి ఒక మాట. రేకు దాకా గీకిన భాగానికి ఆ రోజే ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) కొట్టేయండి. మన బెజవాడ తేమకి ఉత్త రేకు తుప్పు పట్టడానికి ఎంతోసేపు పట్టదు. అదీ ఎపాక్సీ ప్రైమరే కొట్టండి. మామూలు సర్ఫేసర్ (గీతలు పూడ్చి నున్నగా చేసే పూత) తేమని పీల్చుకుంటుంది. పైకి నున్నగానే ఉంటుంది, కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఎపాక్సీ కొట్టి వారాల తరబడి వదిలేస్తే, తర్వాతి కోటింగ్‌కి ముందు 400 నంబర్ వాటర్ పేపర్‌తో రుద్దాల్సిందే, లేకపోతే పెచ్చులూడుతుంది.

రంగు మాత్రం ఆటోనగర్‌లో కారు మొత్తానికి సరిపడా ఒకేసారి కలిపించుకోండి. విడతకోసారి కలిపిస్తే డోరుకీ ఫెండరుకీ తేడా ఎండలో ఇట్టే పట్టిస్తుంది. రంగుని గట్టిపరిచే హార్డెనర్ కలపడం మాత్రం కొట్టే ముందే, ఆ పూటకి కావలసినంతే. మెటాలిక్ రంగైతే విడతలు ప్రైమర్ వరకే, పై రంగు ఒకేరోజు. ముసురు పట్టినప్పుడు స్ప్రే జోలికి పోవద్దు, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ తెల్లగా పాలిపోతుంది. టూకే పెయింట్‌లో, అంటే హార్డెనర్ కలిపి కొట్టే రకంలో, ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని కొట్టే రకం కాదది. సరైన రెస్పిరేటర్ (విషపు ఆవిరిని ఆపే మాస్క్) కొనుక్కోండి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి.