కొట్టంలో ఆవు బొమ్మ వేస్తున్నారా? నూనె గుడ్డలు జాగ్రత్త

మొన్న మిత్రుడొకరు పశువుల కొట్టంలో కూర్చుని ఆవు బొమ్మ వేశారు. సాయంత్రం బ్రష్షులు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి, ఎండుగడ్డి పక్కన పడేసి ఇంటికెళ్లారు. రాత్రికి గడ్డి అంటుకుంది. ఆవుని ముందే బయట కట్టేశారు కాబట్టి బతికింది. అక్కడ అగ్గిపుల్ల గీసినవాళ్లు లేరు, కరెంటు తీగ కూడా లేదు.

ఆయిల్ రంగుల్లో కలిసి ఉండే అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. కాన్వాస్ మీద పలచటి పూతైతే ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుట్టిన గుడ్డలో ఎటూ పోలేక పెరిగి పెరిగి, కొన్ని గంటల్లో దానంతటదే రాజుకుంటుంది. 1991 ఫిబ్రవరిలో అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనం తగలబడింది ఇలాంటి అవిసె నూనె గుడ్డల వల్లే. మంటలార్పడానికి వెళ్లిన ముగ్గురు సిబ్బంది ప్రాణాలు పోయాయి.

అందుకే గుడ్డని ఉండచుట్టొద్దు. ఆరుబయట, గడ్డికి దూరంగా, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి ఆరేయండి. అట్టలా బిగుసుకున్నాకే పారేయాలి. అంత చోటు లేకపోతే రేకు డబ్బాలో నీళ్లు పోసి, గుడ్డలు పూర్తిగా మునిగేలా వేసి మూత బిగించండి. అక్రోటు నూనె, గసగసాల నూనె వాడినా ఇదే పద్ధతి.

ఇక ఆవు సంగతి. కనిపించినదల్లా నాకి చూడటం పశువుకి అలవాటు. సీసం కలిసిన తెల్ల రంగు కడుపులోకి పోతే చూపు పోతుంది, వణుకుతూ పడిపోయి చనిపోవచ్చు. దూడలకి మరీ ప్రమాదం. కొట్టంలోకి టైటానియం తెలుపే తీసుకెళ్లండి. పాలెట్ (రంగులు కలిపే పలక), రంగు ట్యూబులు పలుపు సాగే దూరానికి అవతలే ఉండాలి.

రంగు పలచన చేసే టర్పెంటైన్ సీసాకి మూత పెట్టండి. 35 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి అంటుకునే స్థితికి వస్తుంది. లాంతరు వద్దు. సిగరెట్ అసలే వద్దు. తలుపులు తెరిచి ఉంచండి. ఆవు వెనక కాళ్ల దగ్గర ఈజిల్ (కాన్వాస్ నిలిపే స్టాండు) నిలబెట్టొద్దు. మీరు బయటపడే దారికి అడ్డంగా కూడా పెట్టొద్దు. రంగు చేతులతో తినొద్దు. గుడ్డని జేబులో కుక్కుకోవద్దు. సంచిలో వేసుకోవద్దు. కారు డిక్కీలో పడేయొద్దు. చెత్తబుట్టలో అసలు వేయొద్దు. ఉండచుట్టొద్దు, ఒక్క గుడ్డైనా సరే. వచ్చేటప్పుడు ఎన్ని తెచ్చారో లెక్కపెట్టుకోండి, అన్నీ చేతికొచ్చాకే కొట్టం వదలండి.